ఓదెలు చెక్కిన టేకు మౌస్

వడ్రంగి ఓదెలు చేతిలో ఉలి ఎంత అదుపులో ఉంటుందో, నోట్లో నాలుక అంత అదుపు తప్పుతుంది. ఆ రోజు మాదాపూర్‌లో, సైబర్ టవర్స్ ఎదురుగా బండరాళ్ల పక్కనున్న చాయ్ బండి దగ్గరికి అతను వచ్చేసరికి, బండి నడిపే రుక్కమ్మ, పక్కన నిలబడి చాయ్ తాగుతున్న ఒకాయన్ని చూపించి చెవిలో ఊదింది.

"గా తెల్లంగి సారు పేరు భీమేశ్వరరావట. కొత్త ఆఫీసు పెడుతున్నడు. అరవై బల్లలు చేసే వడ్లాయన కోసం తిరుగుతున్నడు."

రెండు నెలలుగా ఓదెలుకు చేతిలో పని లేదు. వెళ్లి "నాకియ్యిండ్రి సార్" అంటే సరిపోయేది. కానీ ఓదెలు అడిగే మనిషి కాదు, చెప్పే మనిషి. చాయ్ గ్లాసు అందుకుని, సారుకు వినబడేటట్టు గొంతు పెంచాడు.

"రుక్కమ్మా, నిరుడు ఒక ఆఫీసుకు పోయిన. ఆడ ఒక పిల్లకు పొద్దంత కంప్యూటర్ కొట్టి కొట్టి మణికట్టు వాచింది. దవాఖాన చుట్టు తిరిగి తిరిగి పరేషాన్ అయింది. నేనేం జేసిన? బల్ల కాళ్లు రెండించులు కోసిన. గంతే. వారం తిరిగేసరికి నొప్పి మాయం."

భీమేశ్వరరావు తల ఇటు తిప్పాడు. అక్కడితో ఆపినా బాగుండేది.

"మరి మౌస్ పట్టుకుంటే నొప్పి రాలేదా అన్నా?" అంది బెంచీ మీద కూర్చున్న కరుణ. ఏలూరు అమ్మాయి. ఎదురు భవనంలో రోజంతా కంప్యూటర్ ముందే ఆమె ఉద్యోగం.

"బాగడిగినవ్ బిడ్డా! రంపపు పొట్టుల జిగురు కలిపి ముద్ద చేసిన. ఆ పిల్ల అరచేతుల పెట్టి, పట్టుకోమన్న. ఏ వేలు యాడ కూసుంటదో, బొటనవేలు యాడ ఆనుతదో అన్ని అచ్చు పడ్డయ్. గా అచ్చు చూసి టేకు చెక్కతోని మౌస్ చెక్కిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"ఏమైంది?" అంది రుక్కమ్మ, పాలు పొంగుతున్నా చూడకుండా.

"చెయ్యి లేస్తలేదు! హాయి మరిగింది. ఆ పిల్ల ఎడమచేత్తోని బువ్వ తినుడు మొదలువెట్టింది. అది చూసి నాకంటే నాకని ఆఫీసంత ఎగబడ్డరు, నలభై మందికి నలభై చెక్కిన, ఇగ ఒక్కడు ఇంటికి పోతే ఒట్టు! మేనేజరు లైట్లు ఆర్పిండు, తాళమేస్త అన్నడు, అయినా కదలరు. ఆఖరికి తీగె నుంచి సొరకాయలు తెంపినట్టు ఒక్కొక్కల చెయ్యి తెంపవలసి వచ్చింది."

"ఓదెలన్నా, జర తగ్గియ్యే!" అంది రుక్కమ్మ.

"తగ్గించే చెప్తున్న. అమెరికా నుంచి వాళ్ల పెద్దసారు దిగిండు. ఇరవై ఏండ్ల భుజం నొప్పి ఆయనకు. నా మౌస్ మీద చెయ్యేసిండు, భుజం నొప్పి పోయింది. ఇంకో రెండు నిమిషాలు ఉంచిండు, మోకాళ్ల నొప్పి పోయింది. చాయ్ తాగొచ్చి మళ్ల పెట్టిండు, బట్టతల మీద ఎంటికలు మొలిచినయ్!"

భీమేశ్వరరావు తన నున్నటి తల ఒకసారి తడుముకున్నాడు. అది చూసి ఓదెలుకు ఒళ్లు పొంగింది. పని చేతికొచ్చినట్టే అనుకున్నాడు.

"గదొక్కటేనా? కంప్యూటర్ అద్దంల బాణం గుర్తు ఉరుకుతది చూడు, నా మౌస్ ఊపుకు అది ఆగలే. ఒకనాడు ఎవడో జర గట్టిగ తోసిండు. అద్దం దాటి, కిటికీ దాటి సర్రున పోయింది. మూడోనాడు గోపన్‌పల్లి కాడ గొర్లు కాసే సాయిలు, తుమ్మచెట్టుకు గుచ్చుకుంటే పీకి, తువ్వాలల మూటగట్టి తెచ్చిచ్చిండు!"

కరుణ గ్లాసు కింద పెట్టింది.

"అంత బాగా చెక్కారు కదా అన్నా, ఒక్కోదానికి బటన్లు ఎన్ని పెట్టారు?"

ఆఫీసుల్లో బల్లలు బిగిస్తూ ఓదెలు మౌస్‌ను వందసార్లు చూశాడు. కానీ చూసినప్పుడల్లా దాని మీద ఎవరిదో ఒకరి అరచెయ్యి కప్పి ఉండేది. ఆ చేతి కింద ఏముంటుందో అతనికి తెలియదు. తెలియదనడం అతని నోటికి అసలే రాదు.

"బటన్లేంది బిడ్డా?" అన్నాడు నవ్వుతూ. "అది మౌసా, అంగీయా?"

భీమేశ్వరరావుకు చాయ్ పొలమారింది. కరుణ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, రెండు వేళ్లు ఎత్తి చూపించింది. "రెండుంటాయన్నా! అవి నొక్కకపోతే అది ఏ పనీ చెయ్యదు."

రుక్కమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓదెలు తల వంచుకున్నాడు. అరవై బల్లలు కళ్ల ముందే ఎగిరిపోయాయి.

భీమేశ్వరరావు మూతి తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "మౌస్ సంగతి వదిలెయ్యండి. బల్ల ఎత్తు ఎంతుండాలంటారు?"

ఈసారి ఓదెలు గొంతు పెంచలేదు. "అందరికి ఒక్క తీరు కుదరదు సార్. మనిషి కూసుంటే మోచెయ్యి యాడికొస్తదో, పనిచేసే పలక ఆడనే ఉండాలె. మణికట్టు పైకి వంగొద్దు, కిందికి వంగొద్దు. మేము బాడిశ పట్టి చెక్క చెక్కినా గంతే. వంగిందంటే సాయంత్రానికి నొప్పే."

భీమేశ్వరరావు ఖాళీ గ్లాసు రుక్కమ్మకు ఇచ్చాడు.

"రేపు పొద్దున తొమ్మిదింటికి వచ్చి కొలతలు తీసుకోండి. బల్లలు మాత్రమేనండీ, ఇంకేమీ చెక్కొద్దు."

"అట్లనే సార్," అన్నాడు ఓదెలు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "బల్లకు ఎన్ని బటన్లు పెట్టమంటరు సార్?"