నాలుక చివరి కీవర్డు

మెదడువాపు జ్వరం నుంచి తేరుకున్న ప్రోగ్రామరు మళ్ళీ ఉద్యోగంలో చేరాలంటే ఈ సర్టిఫికెట్ పరీక్ష గట్టెక్కాలి. పరీక్ష కేంద్రం వరండాలో భార్య అతని చేత కీవర్డులు వల్లె వేయిస్తోంది.

"లూపుని మధ్యలో ఆపెయ్యాలంటే?"

"బ్రేక్."

"ఆపకుండా తర్వాతి చుట్టుకి వెళ్ళాలంటే?"

"కంటిన్యూ."

"ఫంక్షన్ నుంచి జవాబు వెనక్కి పంపాలంటే?"

అతని పెదవులు కదిలాయి గానీ 'రిటర్న్' అన్న మాట రాలేదు.

"కంగారుపడకండి. నాలుక చివరే ఉంటుంది."

"ఏళ్ళ తరబడి రోజూ రాసిన మాటే ఇది!"

"పరీక్ష భయం, అంతే."

"కాదే. నీకు చెప్పలేదు. నిన్న టాక్సీ అతను ఇల్లెక్కడని అడిగితే, మన వీధి పేరు గుర్తురాలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"అందుకేగా మీకంటే ముందు నేనే చెప్పేశాను."

అతను ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. లోపల ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తున్నారు.

"నా పేరు పిలిస్తే పలుకుతానంటావా?"

"నేను వింటూ ఉంటానుగా," అంది ఆమె.