లాయరుగారి భార్య వాంగ్మూలం

ఏమండీ, ఇవాళైనా నన్ను మాట పూర్తి చెయ్యనివ్వండి! పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఎప్పుడు నోరు తెరిచినా "కెజియా, కాస్త ఆగు" అనేవారు. ఇప్పుడనండి చూద్దాం.

వరండాలో షెరీఫు, మన ఊరి పోలీసు అధికారి, కూర్చున్నాడు, నా వాంగ్మూలం రాసుకోడానికి. ముందు మీకు చొక్కా మార్చాలని చెప్పి తలుపేసుకొచ్చాను. అబ్బ, ఎంత నెత్తురండీ! తూటా ఒక్కటే. కుర్చీ, తివాచీ, మీ లా పుస్తకాలు, అన్నీ తడిసి ముద్దయ్యాయి.

కాల్చింది ఎజ్రా కాబ్. మీ మనిషే కదా! మూడు హత్య కేసుల్లో ఉరితాడు మెడదాకా వస్తే మీరే తప్పించారు. ఊరికే తప్పించారా? ఓట్ల రోజు కోర్టు మెట్ల మీద కత్తితో నిలబెట్టుకోడానికి!

మన కెంటకీలో ఓటంటే గుమాస్తా ముందు నిలబడి, పదిమందీ వినేలా పేరు చెప్పాలాయె. మీ పేరు చెప్పినవాళ్ళు విస్కీ తాగి ఇంటికెళ్ళారు. మా తమ్ముడు లెమ్యుయెల్ అవతలివాడి పేరు చెప్పాడు. సొంత బావే కదా, ఏం చేస్తాడులే అనుకున్నాడు, పిచ్చి సన్నాసి! మెట్టు దిగకుండానే కాబ్ వాడి పొట్ట చీల్చాడు. పేగులు చేత్తో అదిమి పట్టుకుని మన గుమ్మందాకా నడిచొచ్చి పోయాడండీ వాడు.

మరి మీరు? కాబ్‌కే వకాల్తా పుచ్చుకున్నారు! "ముందు కత్తి దూసింది నా బావమరిదే" అని జ్యూరీ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ ఏడే శాసనసభకి వెళ్ళారు. నేను పక్కన కూర్చుని చప్పట్లు కొట్టాను. ఏం చెయ్యను?

ఇప్పుడేమో సెనేట్ కావాల్సొచ్చింది. పెద్దమనిషి వేషం కట్టాలిగా! మొన్న సభలో చెట్టు మొద్దెక్కి, "ఈ రౌడీ కాబ్‌ని నేనే ఉరి తీయిస్తా" అన్నారు. జనం ఈలలేశారు. కాబ్ ఆ జనంలోనే ఉన్నాడు.

పొద్దున వాడే తలుపు కొట్టాడు. టోపీ తీసి, "అమ్మా, లాయరుగారున్నారా?" అన్నాడు మర్యాదగా. కోటు కింద తుపాకీ కనబడుతూనే ఉంది. ఊళ్ళో లేరని చెప్పచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"వెనక గదిలో, గుమ్మానికి వీపు పెట్టి రాసుకుంటున్నారు. బూట్లు విప్పి వెళ్ళు, చప్పుడవుతుంది" అన్నాను.

షెరీఫు పిలుస్తున్నాడండీ. "వస్తున్నా బాబూ, అయిపోయింది!" కాబ్‌తో ఏమన్నావని అడిగితే ఏం చెప్తానంటారా? మీ సాక్షులకి మీరు నేర్పింది వంటింట్లోంచి విని విని నాకూ వచ్చేసింది. "ఏమీ గుర్తులేదండీ" అంటాను.

కాబ్ నా మాట బయటపెడితే? పెట్టనివ్వండి. వాణ్ణెవరు నమ్ముతారు? ఈసారి ఉరి తప్పదు వాడికి. ఉన్న ఒక్క లాయరూ మీరేగా.