ముల్లు సున్నా మీదికి వచ్చాక

కోర్టుకు ఎదురుగా ఉన్న టీకొట్టులో, బల్ల చివర గోడకు ఆనుకొని కూర్చున్న బావగారి జేబులో నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. సాయంత్రం ఐదింటిలోగా దాని మీద ఆయన సంతకం చేసి కోర్టు కచేరీలో ఇవ్వాలి. ఇస్తే ఆయన భార్య తమ్ముడు తన కంపెనీని మళ్లీ నడుపుకోవచ్చు. ఇవ్వకపోతే నిన్న కోర్టు దయతలచి ఇచ్చిన అనుమతి ఇవాళ్టితో చెల్లకుండా పోతుంది. గోడ గడియారంలో నాలుగు దాటి ఐదు నిమిషాలయింది.

కాటాలు తయారుచేసే కార్ఖానా అది. అందులో ఆ బావమరిదిని పేరు పెట్టి పిలిచేవారు లేరు. అందరికీ అతను టన్నుబాబే. కిలో అనవలసిన చోట టన్ను అనకుండా ఉండలేకపోవడం అతని జబ్బు. ఏటా ప్రభుత్వానికి పంపవలసిన కంపెనీ పత్రాల సంగతి ఎవరడిగినా, "ఎప్పుడో పంపేశాను, చూసి ముచ్చటపడి ఉత్తరం కూడా రాశారు" అనేవాడు. మూడేళ్ల పత్రాలూ అతని సొరుగులోనే పడి ఉన్నాయి. ఆ సంగతి బయటపడిన రోజున, ఐదేళ్లపాటు ఏ కంపెనీకీ డైరెక్టరుగా పనికిరాడని అతని మీద వేటు పడింది. సంతకం చేసే నాథుడు లేక కార్ఖానా పదకొండు నెలలుగా మూతపడి ఉంది. ముప్ఫై ఒక్కమంది పనివాళ్లు గేటు దాకా వచ్చి, తాళం చూసి, వెనక్కి పోతున్నారు.

నిన్నటి అనుమతికి షరతు ఒక్కటే. బావగారు రెండో డైరెక్టరుగా చేరాలి. కంపెనీ తరఫున టన్నుబాబు ఏం చెప్పినా, ఏం రాసినా, కింద బావగారి సంతకం ఉంటేనే అది చెల్లుతుంది. ముప్ఫైనాలుగేళ్లు హెడ్మాస్టరుగా పనిచేసి, రాని పిల్లవాడికి ఒక్కనాడూ హాజరు వేయని మనిషి ఆయన. ఆ నోటికి పూచీ పడేముందు, అది మారిందో లేదో ఒకసారి చెవులారా వినాలనుకున్నారు. అందుకే అతన్ని టీ తాగుదాం రమ్మన్నారు.

వినడానికి మరో ముగ్గురున్నారు: టీకొట్టాయన, కోర్టు గుమ్మంలో అర్జీలు కొట్టే టైపిస్టమ్మ, కార్ఖానాలో కాటాలు పరీక్షించే మేస్త్రీ. మేస్త్రీ టీ తాగడం లేదు. గడియారం చూస్తున్నాడు.

"నేనేం పెద్దగా మాట్లాడలేదండీ," అని మొదలుపెట్టాడు టన్నుబాబు. "రెండంటే రెండు ముక్కలు. కావాలంటే బావగార్ని అడగండి, వెనక బెంచీలోనే ఉన్నారు."

బావగారికి ప్రాణం లేచివచ్చింది. ఇది నిజానికి చాలా దగ్గరగా ఉంది. చెయ్యి జేబు మీదికి పోయింది.

"ఆ రెండు ముక్కలకే జడ్జిగారు రాస్తున్న పెన్ను ఆపేశారు. ఆపి, కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చెప్పండి బాబూ అన్నారు. చెప్పాను. అవతలి పక్షం వకీలు లేడూ, ఆ పొడుగాయన, నా మీద ఇంత లావు కట్ట పట్టుకుని నిలబడ్డాడా, గోడవైపు తిరిగి ఒకటే ఏడుపు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?" అన్నాడు టీకొట్టాయన.

"జడ్జిగారు పీఠం దిగి వచ్చారు. వచ్చి నా చెయ్యి పట్టుకుని, మీలాంటివారు కింద నిలబడితే పైన కూర్చోవడానికి నాకు మొహం చెల్లడం లేదన్నారు."

బావగారి చెయ్యి జేబు దగ్గర్నుంచి గ్లాసు మీదికి తిరిగివచ్చింది. టీ చల్లారిపోయింది.

"మరి కూర్చున్నారా?" అని అడిగింది టైపిస్టమ్మ.

"నేనా? ఛ ఛ! మర్యాద ఉండొద్దూ? పీఠం అంచున అలా ఆనుకున్నానంతే. ఈలోగా ఈ కబురు ఎలా పొక్కిందో ఏమో, మన దేశంలో వేటు పడిన డైరెక్టర్లు ఎంతమంది ఉన్నారో అంతమందీ వరండాలోకి వచ్చేశారు. వరండా చాలక మెట్లు, మెట్లు చాలక రోడ్డు. మూడు వీధులు తిరిగింది వరస. మీ కొట్టు ముందు నుంచే కదండీ పోయింది?"

"నిన్న కొట్టు మూసి ఉంది బాబూ, మా అత్తగారికి ఒంట్లో బాగాలేక."

"అదీ సంగతి! లేకపోతే నిన్న ఒక్కరోజు అమ్మకంతో మేడ కట్టేవారు. సరే, జడ్జిగారు కిటికీలోంచి ఆ జనాన్ని చూసి, వీళ్లందరినీ ఏం చెయ్యమంటారు బాబూ అని నన్నే అడిగారు. పోనీలెండి, పిల్లలు గలవాళ్లు, నా మొహం చూసి వదిలెయ్యండి అన్నాను. రెండువేల మందికి అనుమతి, అక్కడికక్కడే, ఒకే సంతకం!"

"సున్నా పట్టాలి," అని గొణిగాడు మేస్త్రీ.

"ఏమిటది?" అన్నారు బావగారు. ఈ కథ మొదలయ్యాక ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

మేస్త్రీ గొంతు తగ్గించి చెప్పాడు. "తూచేముందు పళ్లెం ఖాళీగా పెట్టి ముల్లును సున్నా మీదికి తెచ్చుకుంటామండీ. దాన్నే సున్నా పట్టడం అంటాం. అయ్యగారు నోరు విప్పితే మావాళ్లు ముందు ఆ మాటే అనుకుంటారు. ఏమీ అనుకోకండి."

టన్నుబాబు ఇదేమీ వినిపించుకునే స్థితిలో లేడు. "అసలు విషయం చెప్పనేలేదు. చివరికి, నా మాటలో సత్యమెంతో తేల్చాలని మన కార్ఖానా కాటాయే తెప్పించారు. ఒక పళ్లెంలో నా మీద రాసిన కాగితాలన్నీ పెట్టారు, ఎనిమిది బస్తాలు. రెండో పళ్లెంలో నా మాట. మాటే! ఉత్త మాట! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా పళ్లెం దభీమని కిందికి దిగి, నేల పగిలి, ఆ బరువుకి కోర్టు భవనం మొత్తం తూర్పుకి జానెడు ఒరిగింది! ఇంజినీర్లు ఇప్పటికీ కొలుచుకుంటున్నారు. బావగార్ని అడగండి!"

నలుగురూ బావగారి వైపు తిరిగారు. నాలుగూ ఇరవై ఐదు.

ఆయన పై గుండీ సర్దుకున్నారు. కోపం వచ్చినప్పుడు తరగతిలో కూడా ఆయన చేసే మొదటి పని అదే. జేబులోంచి రెండు కాగితాలు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి ఆ నాలుగు మడతల అంగీకారపత్రం, రెండోది నిన్నటి ఉత్తర్వు.

"అడగమన్నావుగా. చెబుతాను. జడ్జిగారు లేవలేదు. వకీలు ఏడవలేదు, ఆవలించాడు, అది నేను చూశాను. వరండాలో ఒక కుక్క పడుకుని ఉంది. అది డైరెక్టరో కాదో నాకు తెలియదు." ఉత్తర్వు మూడో పేజీ తిప్పి వేలు పెట్టారు. "అమ్మా, మీరు చదవండి. నేను చదివితే కల్పించానంటాడు."

టైపిస్టమ్మ కళ్లజోడు సవరించుకుని చదివింది. "'మూడేళ్ల పత్రాలు పంపారా అని అడిగినప్పుడు, అర్జీదారు పంపలేదండి అని జవాబు చెప్పి ఊరుకున్నారు. అంతకుముందు వారు సమర్పించిన అరవై పేజీల వివరణలో నమ్మదగినది ఈ కోర్టుకు కనబడలేదు. ఈ ఒక్క మాటను నమ్మి అనుమతి ఇస్తున్నాము.'" ఆమె తలెత్తింది. "ఆ అరవై పేజీలూ నేనే కొట్టాను బాబూ. నాకు అప్పుడే అనుమానం వచ్చింది."

మేస్త్రీ తల వంచుకున్నాడు.

"నీ జన్మలో ఒక్కసారి ఒక్క మాట ఉన్నది ఉన్నట్టు చెప్పావు," అన్నారు బావగారు. "దానికే తలుపు తెరుచుకుంది. ఇరవైనాలుగు గంటలు కాకముందే దాన్నీ ఎనిమిది బస్తాలు చేశావు. నీ మాట కింద నేనెలా సంతకం చెయ్యనోయ్? మీ అక్క నిన్నంతా అన్నం ముట్టలేదు, నేను ఒప్పుకుంటానో లేదోనని. ఈ మేస్త్రీ పదకొండు నెలలుగా తాళం చూసి పోతున్నాడు. వీళ్ల బతుకు నీ నోటి మీద కాదు, నా సంతకం మీద వేలాడుతోంది. సున్నా పట్టు. పట్టి, నిన్న జరిగింది మళ్లీ చెప్పు."

టన్నుబాబు బల్లకేసి చూశాడు. టీకొట్టాయన పొయ్యి తగ్గించాడు.

"పంపారా అని అడిగారు," అన్నాడు చివరికి. "పంపేశానని నోటి దాకా వచ్చింది. వెనక్కి చూస్తే మేస్త్రీ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో కార్ఖానా తాళంచెవి. అప్పుడు... పంపలేదండి అన్నాను. అంతే బావగారూ. ఇంకేం జరగలేదు."

మేస్త్రీ చెయ్యి తనకు తెలియకుండానే జేబులోని తాళంచెవి మీదికి పోయింది.

బావగారు పెన్ను మూత తీశారు. కాగితం మడతలు విప్పి, అరచేత్తో చదును చేసి, ఒక్కో అక్షరం ఆగి ఆగి సంతకం పెట్టారు. మేస్త్రీ దాన్ని రెండు చేతులతో అందుకుని, సిరా ఆరడానికి ఊదుతూనే రోడ్డు దాటాడు. నాలుగూ నలభై.

టీకొట్టాయన ఖాళీ గ్లాసులు ఏరుతూ, కోర్టు భవనం వైపు ఒక కన్ను మూసి చూశాడు. "అయితే బాబూ, భవనం తూర్పుకి ఒరగలేదంటారా?"

టన్నుబాబు నోరు తెరిచాడు. ఛాతీ సగం పొంగింది. బావగారి పెన్ను మూత ఇంకా పెట్టలేదని గమనించాడు.

"ఒరగలేదండి."

టీకొట్టాయన బావగారి వైపు తిరిగాడు. "మరి దీని కింద మీ సంతకం ఉంటుందాండీ?"

"ఉంటుంది," అన్నారు బావగారు.