ఊరేగింపు కారుకి రేసు ప్లేటు

పలాసలో మెకానిక్ షెడ్డు. పాత ఎర్ర స్పోర్ట్స్ కారు జాకీల మీద ఉంది. రెండు క్లచ్ ప్లేట్లు పట్టుకున్న మెకానిక్ ఎదుట, రేపు అతని చెల్లెల్ని చేసుకోబోయే పెళ్లికొడుకు.

“బావా, ఇది రేసులకి. గట్టిగా పడతాది, బాణంలాగ పోతాది. రెండోది మెత్తన. ఏది బిగించమంటావు?”

“రేసుదే బిగించు.”

“ఊరేగింపులో డప్పులెనకాల నత్తలాగ నడపాల. మీ అన్న పెళ్లిలో పాత ప్లేటు అలాగే కాలిపోనాది, మర్సిపోనావా?”

“రేపు ఇంజను ఆపేత్తాను. మీరంతా డాన్సులేసుకుంటా తొయ్యండి.”

“మేం తోత్తే రేసు ప్లేటు దేనికి?”

“పెళ్లయినాక మీ సెల్లిని ఎక్కించుకుని అక్కుపల్లి సముద్రం కాడికి రయ్యిమని పోతాను.”

“మా అమ్మ కూడా వత్తానంతంది.”

“అందుకే గదా బావా, రెండు సీట్ల కారు కొన్నాను.”