సరస్సుకు అతుకు

శనివారం ఆవిరిస్నానానికి తాయిస్తో వచ్చాడంటే పొయ్యి మీది రాళ్లకంటే ముందు అతని నోరు వేడెక్కుతుంది. ఆ సాయంత్రం మరీను. ఊరి పందెం పడవకి పక్క పలక బీటలిచ్చింది. మరమ్మతు ఎవరికివ్వాలో తేల్చే ఆర్నే పెద్దాయన పక్కనే చెమటలు కక్కుతున్నాడు. ఆ పని దొరికితే పడవలో ఒక తెడ్డు కూడా దొరుకుతుందని తాయిస్తో ఆశ. ఏళ్ల తరబడి ఒడ్డున నిలబడి చప్పట్లు కొట్టడమే సరిపోయింది మరి. అందుకే పనితనం చూపిద్దామని, వాళ్లు కూర్చున్న ఈ బల్ల పగులును పోయినవారం ఊరికే అతికించిపెట్టాడు.

"మొదట్లో నేనూ మామూలోణ్ణే ఆర్నేగారూ. మా ఆవిడ గరిటె పెచ్చు లేస్తే, తోలు ఉడకబెట్టి జిగురు కాచి అతికించా. ఆనక నా స్కీ బద్ద చీలింది, దానికీ రాశా. అతకడమా? మంచు కరిగేసరికి చిగురేసింది."

"ఆ చిగుళ్లు మా మేక తినేసిందిలే," అన్నాడు అతని బావమరిది కలెర్వో, రాళ్ల మీద ఒక గరిటెడు నీళ్లు పోస్తూ.

ఆవిరి భగ్గుమంది. తాయిస్తో తొడ కింద ఏదో జిగటగా తగిలింది. బల్లకి తను రాసిన జిగురేనని తెలిసింది కానీ నోరు ఆగితేనా?

"నువ్వాగు బామ్మర్దీ. అసలు సంగతి సరస్సుది. మార్చిలో మంచు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా నెర్రె విచ్చింది. పాస్టరుగారి గుర్రబ్బండి అవతలే ఆగిపోయింది. నేను బానెడు జిగురు కాచి, చీపురుతో పూసుకుంటూ పోయా. పాస్టరుగారు దాటారు, గుర్రం దాటింది, అదలా ఉంచండి. తర్వాతేమైందనుకున్నారు? నడివేసవి పండగొచ్చినా మంచు కరగలా. ఊరంతా దానిమీదే మంట వేసుకున్నా చెమర్చలా. కింద చేపలు తలలు బాదుకుంటున్నాయి పాపం."

"మరెలా కరిగింది?" ఆర్నే మెల్లగా అడిగాడు.

"ఏముందండీ, వేణ్ణీళ్లు పోశా. అతుకు ఊడొచ్చింది."

అన్నాక గానీ ఏమన్నాడో తాయిస్తోకి తెలియలేదు. కలెర్వో ఇంకో గరిటెడు పోశాడు. బల్ల కిర్రుమంది, పగులు మళ్లీ నోరు తెరిచింది, తాయిస్తో పిర్రని పట్టుకుంది. నోరు ఎన్ని కోతలు కోసినా, కింద పిర్ర నిజం ఒప్పేసుకుంటోందే అనుకున్నాడు పాపం, పళ్లు బిగబట్టి.

ఆర్నే వంగి పగులు చూశాడు, తాయిస్తో మొహం చూశాడు.

"పడవ నీకే ఇస్తాలే తాయిస్తో. కాకపోతే పందెం నాడు సరస్సు గడ్డకట్టే ఉండేలా చూసుకో."