నా చెవిన వేయని మాట

పేపరు అడ్డం పెట్టుకోకండి బావగారూ! అడిగినదానికి చెప్పండి. మీకు ముందే తెలుసు కదా?

అక్క నోరు జారకపోతే ఈ జన్మకి నాకు తెలిసేదే కాదు. ఇందాక కూర వడ్డిస్తూ, "మీ బావగారి ఫౌండేషన్ వాళ్ళూ డయాలసిస్‌కి మీ ట్రస్టులాగే ఈ ఫోన్ బుకింగే పెట్టి, మళ్ళీ ఎత్తేశారే" అంది. ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

ఎందుకు ఎత్తేశారు? నీళ్ళు నమలకండి. సొంత ఫోను లేనివాళ్ళు రావడం మానేశారు, అంతేనా? ముసలివాళ్ళు, ఆడవాళ్ళు... అంతే కదా?

మరి ఒక్క మాట నా చెవిన వేస్తే మీ సొమ్మేం పోయేది?

అబ్బా, ఆ సదస్సు సంగతి ఎత్తకండి! ఏటా డయాలసిస్ ట్రస్టులవాళ్ళం అందరం ఒకే వేదికెక్కుతాం. వెనక "అనుభవాలు పంచుకుందాం" అని బ్యానరు. ఏం పంచుకున్నాం? మీ పేషెంట్లు నవ్వుతున్న ఫొటోలు మీరు చూపించారు, మావాళ్ళవి మేం చూపించాం. భోజనాలు చేసి ఇళ్ళకొచ్చాం. చేసి చెడగొట్టుకున్న పని ఒక్కటైనా ఎవరైనా చెప్పారా?

మా సెంటర్ ఎదురు సందులో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. టైలరమ్మ అంటాం. రెండు కిడ్నీలూ పోయాయి. ఇదివరకు పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూచునేది, పిలిస్తే లోపలికెళ్ళేది. మేం ఆ బెంచీ తీసేశాం. ఫోన్లో బుక్ చేసుకుంటేనే మంచం అన్నాం.

ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ కొడుకు దగ్గర. వాడు సరుకులు డెలివరీ చేస్తాడు. ఓటీపీ వచ్చేసరికి బండి మీద ఉంటాడు. ఆపి చూసుకునేలోపు ఆ మంచం ఇంకొకరికి వెళ్ళిపోతుంది.

అడగొచ్చుగా అంటారా? అడిగిందండీ! గుమ్మంలోనే మా రిసెప్షన్ అమ్మాయి "బుకింగ్ లేదమ్మా" అని పంపేసింది. పాపం, ఆ పిల్లనేం అంటాం? అలా చెప్పమని నేర్పింది మేమేగా.

డయాలసిస్ తప్పిపోయేసరికి ఊపిరితిత్తుల నిండా నీరు చేరింది. వెంటిలేటర్ మీద ఉంది ఇప్పుడు. ఆ కొడుకు ఐసీయూ బయట నిలబడి ఫోను చూసుకుంటూ ఏడుస్తున్నాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?

మా ఆఫీసులో మాత్రం పండగ. క్యూ తగ్గిందట! తగ్గదా మరి? రానివాళ్ళు క్యూలో ఎలా కనిపిస్తారు?

రేపు మా ట్రస్టు మీటింగు. అన్ని సెంటర్లలోనూ ఇదే పెడతారు. నేను నోరు తెరిస్తే, ఒక్క పేషెంటుని పట్టుకుని ఇంత గోలేమిటంటారు. మీరొచ్చి చెబితే వింటారు. చేసి చూసినవాళ్ళు మీరు. ఒక్కసారి రండి బావగారూ. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను.

పరువా? ఎవరి పరువండీ? ఆవిడ అక్కడ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, మీ చైర్మన్‌గారి పరువా!

అక్కా, నువ్వు ఆ గిన్నెలు చప్పుడు చెయ్యడం ఆపు. ఇక్కడికొచ్చి ఈయనకి నువ్వైనా చెప్పు.

ఏంటి బావగారూ? నేనే చెప్పుకోవాలా? మధ్యలో మీ ఫౌండేషన్‌ని లాగొద్దా? నిజం చెప్పడానికి ఇంకొకళ్ళ తోడెందుకంటారా?

...బాగా అడిగారు.

నిన్న ఇంకో ఊరి ట్రస్టు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్ళూ ఈ ఫోన్ బుకింగ్ మొదలుపెడతారట. "మీ దగ్గర ఎలా ఉంది మేడమ్, ఇబ్బందులేమైనా ఉంటే ముందే చెప్పండి" అని అడిగింది. మనలో ఎవరం అడగని మాట అడిగింది, మహాతల్లి.

మా డైరెక్టరుగారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. టీ తాగుతూ నా మొహంలోకే చూస్తున్నారు.

"చాలా బాగా నడుస్తోందండీ" అన్నాను.

అప్పటికే టైలరమ్మకి వెంటిలేటర్ పెట్టేశారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఫోన్లో ఆవిడ నాకు థాంక్స్ చెప్పింది బావగారూ.