తాడు దగ్గర గడ్డి

ఒకే కప్పు కింద రెండు వాటాలు, రెండు గుమ్మాలు. ముందున్న పచ్చిక మాత్రం ఒకటే. ఏడాదిగా మాటల్లేని అన్నదమ్ములిద్దరూ ఆ పచ్చిక మధ్యలో కట్టిన తాడుకి చెరోవైపు నిలబడి ఉన్నారు. తాడు వెంబడి గోడ లేపడానికి కాసేపట్లో మేస్త్రీ వస్తాడు. ముందు నోరు విప్పినవాడు అన్న. విప్పానే అని అప్పుడే ఒళ్ళు మండుతోంది అతనికి.

"నేనెవర్నీ ఏమీ అనడం లేదు. ఇంత పచ్చటి గడ్డిలో తాడు కింద ఈ పసుపు పట్టీ ఎక్కణ్ణుంచి వచ్చిందీ అని గడ్డిని అడుగుతున్నాను."

"గడ్డి ఏమంది, అన్నగారూ?"

"అన్నగారేమిటి కొత్తగా?"

"మాటల్లేని వాళ్ళ దగ్గర మర్యాద ఉండాలి కదండీ."

"అలాగా. అయితే తమ్ముడుగారూ, ఎరువు ఎక్కువైతే గడ్డి మాడిపోతుందని తమరికి తెలుసా?"

"తెలుసు. అందుకే కొలత పెట్టుకుని చల్లే బండి కొన్నాను. గుప్పిళ్ళతో విసిరే వాళ్ళని అడగండి."

"నా గుప్పిటికి లెక్క తెలుసు. నువ్వే బండి తోసుకుంటూ తాడు దాకా వచ్చి, ఇక్కడ వెనక్కి తిప్పి ఉంటావు. తిప్పేటప్పుడు మూత వేసుకోవాలన్న ధ్యాస ఉండదు నీకు. కుప్పగా పడింది. మాడింది."

"చూశారా మీరు?"

"చూడాలా ఏమిటి? చిన్నప్పుడు ఇంకు సీసాకి మూత పెట్టేవాడివా నువ్వు?"

"అది సరే. చలి ఇంకా పూర్తిగా పోలేదు, గడ్డి లేస్తోందో లేదో, బకెట్టు పట్టుకుని దిగిపోయారు మీరు. ఆ విసురుడు నేను కిటికీలోంచి చూశాను. తాడు దాటి ఎంత పడిందో దేవుడికి తెలియాలి."

"నేనా? నీ వైపు గడ్డికి నేను బలం పట్టిస్తానా?"

"అదీ నిజమే. అంత మంచితనం మీకెక్కడిది?"

"మాట జాగ్రత్త."

"నా వైపు గడ్డికి గుండు గీసినవాళ్ళు నాకు జాగ్రత్తలు చెప్పక్కర్లేదు."

"మళ్ళీ అదే. నువ్వు ఊళ్ళో లేవు. నా వైపు కోస్తూ కోస్తూ, పనిలో పని నీ వైపూ కోశాను. సాయం చేద్దామనుకున్నాను."

"నేనొచ్చేసరికి మట్టి కనిపిస్తోంది. సాయమట."

"దానికి నువ్వేమన్నావు? 'ఇకమీదట నా దాన్ని ముట్టుకోకు' అన్నావు. మా చంటిది వింటూండగా. అది గుమ్మంలో నిలబడి, 'నాన్నా, అయితే బాబాయి వాళ్ళింటికి వెళ్ళొచ్చా, వద్దా' అని అడిగింది. ఏం చెప్పను?"

"వెళ్ళమనాలి."

"అన్నాను. వస్తూనే ఉంది కదా?"

"ఇవాళ్టి దాకా. నిద్దట్లోంచి లేచి, ఉత్తకాళ్ళతో ఈ గడ్డి మీదుగా పరిగెత్తుకొచ్చి, మా మంచమెక్కి మళ్ళీ పడుకుంటుంది. గోడ లేచాక ఎట్నుంచి వస్తుంది? వీధిలోకెళ్ళి, ఆ లారీల పక్కనుంచి తిరిగి రావాలి. రానిస్తారా మీరు?"

"రానివ్వను. నిన్ననే వాళ్ళమ్మ చెప్పింది దానికి. రాత్రి అన్నం తినలేదు."

"మరి?"

"మరేమిటి మరి? గోడకి సరేనన్నది నువ్వేగా."

"మీ ఆవిడ చేత మా ఆవిడకి కబురు చేసిందెవరు? వద్దంటే బతిమాలినట్టుంటుందని సరేనన్నాను."

"కోపంలో అన్నాను. నువ్వు వద్దంటావనుకున్నాను."

"ఇది ఇప్పుడా చెప్పడం?"

"గడ్డి సంగతి తేల్చు ముందు."

"తేల్చేదేముంది? నేను మాడ్చలేదు. అసలు తాడు దగ్గరికే రాలేదు."

"రాకుండా ఎలా చల్లావు?"

"చల్లలేదు. అడుగు ముందే బండి ఆపేశాను. మీ వైపు ఒక్క గింజ దొర్లినా మళ్ళీ రభస ఎందుకని."

"అడుగు ముందా?"

"అడుగు ముందే. అలా చూస్తారేమిటి?"

"ఏం లేదు."

"మీరెక్కడి దాకా చల్లారు?"

"నా జాగా ఉన్నంత వరకూ."

"అంటే తాడు దాకా."

"దాదాపు."

"దాదాపు అంటే?"

"దాదాపు అంటే దాదాపే. ఓ అడుగు అటూ ఇటూ."

"అటా, ఇటా?"

"ఇటే. ముట్టుకోకు అన్నావుగా. గాలికి నీ వైపు ఎగురుతుందేమోనని వదిలేశాను."

"మరి ఇక్కడ ఎక్కువ పడిన ఎరువు ఎవరిది?"

"ఉండు, వంగనీ. అబ్బా, నడుము. ఇదిగో, ఈ వేరు చూడు. మాడితే నల్లబడిపోవాలి. ఇది తెల్లగా ఉంది."

"బతికే ఉందా?"

"ఉంది. ఇది మాడలేదురా. మనిద్దరం దీనికి తిండి పెట్టలేదు."

"అన్నయ్యా..."

"ఏమిట్రా?"

"ఏం లేదు అన్నయ్యా. నీతో మాటల్లేకపోతే నాకేం బాగాలేదు. సాయంత్రం నీ గేటు చప్పుడు వినపడితే గానీ అన్నం సహించడం లేదు."

"నేను మాత్రం? రాత్రి నీ స్కూటరు ఆగిన చప్పుడు విన్నాకే లైటార్పుతున్నాను. చాలు, మొహం తుడుచుకో. ఎరువేమైనా మిగిలిందా?"

"అర సంచీ ఉంది. నీ దగ్గర?"

"ఉంది గానీ, ఇద్దరం వేస్తే ఈసారి నిజంగానే మాడుతుంది. నువ్వు బండితో వెయ్యి. నేను తడుపుతాను. తిప్పేటప్పుడు మూత వేసుకో."

"వేసుకుంటాలే."

బండి ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్ళి, అన్న నీళ్ళ గొట్టం అందుకునేసరికి, గేటు దగ్గర మేస్త్రీ పలుగూ పారా దింపాడు.

"ఈ పసుపు పట్టీ మీదేనా సార్ పునాది? ముందే గుర్తు పెట్టి ఉంచారు, నాకు పని తగ్గింది."

"ఆగవయ్యా, కాలు పెట్టకు. ఎరువు వేశాం."

"తవ్వేసే చోట ఎరువెందుకు సార్?"

"ఎందుకో అందుకు. వేశాక నెల్లాళ్ళు తవ్వకూడదు."

"సరే సార్. అయితే వచ్చే నెల రమ్మంటారా?"

"వచ్చే నెలా... ఏరా, ఏమంటావు?"

"వచ్చే నెల మళ్ళీ వేస్తాం కదా అన్నయ్యా."